టెలిఫోను తీగెలకు లెక్క కట్టిన ఎర్లాంగ్

ఐరోపా ఖండమున ఉత్తరభాగమందు డెన్మార్కు అను చిన్న దేశము కలదు. ఆ దేశపు పడమటి భాగము జట్లండ్ అను ద్వీపకల్పము. అచ్చట లొన్‌బోర్గ్ అను పల్లె యొకటి యున్నది. 1878వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఆ పల్లెలో ఒక బడిపంతులు ఇంట మగశిశువు జన్మించెను. ఆ బిడ్డ పేరు అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్. అదే నెల 28వ తేదీన, అట్లాంటిక్ మహాసముద్రమున కావల, అమెరికా దేశమందలి న్యూహేవెన్ పట్టణమున, చందాదారులకొరకు వ్యాపారరీతిని నడచు టెలిఫోను ఎక్స్ఛేంజి మొట్టమొదటిసారిగా తెరవబడెను. ఈ రెండు సంఘటనలకు ఆనాడు ఎట్టి సంబంధమును లేదు. కాని ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట, ఆ పల్లెలో పుట్టిన శిశువే టెలిఫోను ఎక్స్ఛేంజీలకు కావలసిన గణితశాస్త్రమునకు పునాది వేసెను.

ఎర్లాంగ్ తండ్రి హాన్స్ నీల్సెన్ ఎర్లాంగ్ ఆ యూరి పాఠశాలకు ఉపాధ్యాయుడు. చర్చికి సంబంధించిన కొన్ని పనులు కూడ ఆయనయే చూచుచుండెను. తల్లి మగ్దలీన్ క్రారుప్ మతాచార్యుల వంశమున జన్మించినది. త్రికోణమితిలో టాంజెంటు, సీకెంటు అను పదములను 1583లో తన గ్రంథమున ప్రవేశపెట్టిన థామస్ ఫింకె ఆమె పూర్వికులలో నొకడు. ఆ యింట ధనము స్వల్పము. విద్యయందలి గౌరవము అధికము. ఎర్లాంగునకు ఒక అన్న, ఇద్దరు సోదరీమణులు. పిల్లలందరును తండ్రివద్దనే తొలిచదువు నేర్చిరి.

సాయంకాలమున అన్న ఫ్రెడెరిక్ బల్లమీద పుస్తకము పెట్టుకొని చదువుకొనుచుండగా, తమ్ముడు బల్లకు ఎదుటివైపున కూర్చుండి ఆ పుటలనే తలక్రిందుగా చదివెడివాడు. అన్నను లేపవలసిన పని లేదు. పుస్తకమును లాగికొనవలసిన పనియు లేదు. ఒక్క పుస్తకమే ఇద్దరికి సరిపోయెను. ఒక వస్తువును పలువురు పంచుకొను ఉపాయమును ఆ బాలుడు ఆ విధముగా బాల్యమునందే యెరిగెను. నక్షత్రములన్న అతనికి మిక్కిలి ప్రీతి. ఆకాశమును గూర్చి చిన్న చిన్న పద్యములు కూడ వ్రాసెను.

పదునాలుగేండ్ల ప్రాయమున ఎర్లాంగ్ కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయము వారి ప్రాథమిక పరీక్షకు కూర్చుండెను. వయస్సు చాలనందున ప్రత్యేకానుమతి పొందవలసి వచ్చెను. పరీక్షలో మిక్కిలి చక్కగా ఉత్తీర్ణుడై తిరిగి స్వగ్రామము చేరి, రెండు సంవత్సరములు తండ్రి బడిలోనే సహాయోపాధ్యాయుడుగా పని చేసెను. పిల్లలకు పాఠములు చెప్పుచునే తాను ఫ్రెంచి, లాటిన్ భాషలు నేర్చుకొనెను. పై చదువునకు పంపుటకు తండ్రికి తగిన ధనము లేదు. అయినను హిల్లెరొడ్ పట్టణమున నివసించు ఆప్తుల యింట భోజనవసతి ఉచితముగా లభించుటచే, అచ్చటి ఫ్రెడెరిక్స్‌బోర్గ్ పాఠశాలలో చదివి, 1896లో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో కృతార్థుడయ్యెను. పిమ్మట విద్యార్థివేతనముతో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున చేరెను. 1901 జనవరిలో గణితము ప్రధానముగాను, ఖగోళ, భౌతిక, రసాయన శాస్త్రములు అనుబంధముగాను ఎం. ఏ. పట్టమును బడసెను.

తరువాత ఏడు సంవత్సరములు ఆయన వేర్వేరు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా నుండెను. మనస్సు పరిశోధనవైపు మొగ్గుచుండినను, పాఠము చెప్పుటలో ఆయనకు మంచి పేరు వచ్చెను. ఆయన మితభాషి. పదిమంది కూడిన చోట తాను మాటలాడుటకంటె ఇతరుల మాటలు వినుటకే ఇష్టపడెడివాడు. బడిపని ముగిసిన పిదప రాత్రులు గణితగ్రంథములు చదివెడివాడు. హైగెన్స్ అను పూర్వ గణితవేత్త చూపిన పద్ధతులను గూర్చి విశ్వవిద్యాలయము వారు పెట్టిన పోటీకి ఒక వ్యాసము వ్రాసి, 1904లో వారి ప్రశంసను పొందెను. అయినను, ఈ గణితాభ్యాసము వలన తనకు జీవితమున ఏ పని సమకూరునో ఆయనకు అప్పటికి తెలియదు.

డెన్మార్కు గణితవేత్తల సంఘమునకు ఎర్లాంగ్ సభ్యుడు. ఆ సంఘపు సమావేశములలో ఆయనకు యోహాన్ యెన్సెన్ అను పెద్దమనిషితో పరిచయమయ్యెను. యెన్సెన్ ఏ విశ్వవిద్యాలయమునను ఆచార్యుడు కాడు. కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో ప్రధాన ఇంజనీరు. అయినను తీరిక వేళల గణితమును సాధన చేసి, నేటికిని తన పేర వెలయుచున్న ఒక సిద్ధాంతమును 1906లో ప్రకటించిన ధీమంతుడు. ఆయన ఈ యువోపాధ్యాయుని ప్రతిభను గుర్తించి, తమ కంపెనీ నిర్వహణాధికారియగు ఫ్రిట్స్ యోహాన్సెన్ వద్దకు తీసికొనిపోయెను. యోహాన్సెన్ అప్పటికే టెలిఫోను చందాదారులు ఎదుర్కొను జాప్యములను లెక్కించుటకు స్వయముగా ప్రయత్నించి, 1907లో ఆ విషయమై ఒక వ్యాసము ప్రకటించి యుండెను. ఆ లెక్క మరింత లోతుగా సాగవలెనని ఆయన కోరిక. 1908లో ఎర్లాంగ్ బడి విడచి ఆ కంపెనీలో చేరెను. క్రొత్తగా నెలకొల్పబడిన ప్రయోగశాలకు ఆయననే అధిపతిగా నియమించిరి.

టెలిఫోను కంపెనీలో గణితవేత్తకు ఏమి పని యని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సంగతి కొంచెము వివరింపవలసి యున్నది. ఒక నగరమున వేయిమందికి టెలిఫోనులు ఉన్నవనుకొనుడు. వారు మరియొక నగరమువారితో మాటలాడవలెనన్న, రెండు ఎక్స్ఛేంజీల నడుమ తీగెలు ఉండవలెను. ఒక తీగెపై ఒక సమయమున ఒక సంభాషణయే సాగును. వేయిమందికి వేయి తీగెలు వేసినచో ఎవ్వరికిని అడ్డు ఉండదు. కాని ఆ తీగెలలో చాలభాగము దినమంతయు ఊరక పడియుండును. ఆ వ్యయమంతయు చందాదారుల నెత్తిన పడును. అపుడు టెలిఫోను ధనికుల యింటి అలంకారముగా మిగిలిపోవును. అట్లని పదియే తీగెలు వేసినచో, రద్దీవేళ బిడ్డకు జబ్బుచేసి వైద్యునికొరకు టెలిఫోను ఎత్తిన తల్లికి తీగె దొరకకపోవచ్చును. కావున తీగెలను పలువురికి ఉమ్మడిగా నుంచక తప్పదు. కాని ఎన్ని తీగెలు? ఇదియే ప్రశ్న.

ఇది సత్రపు గదుల వంటి సమస్య. బాటసారులు ఎప్పుడు వత్తురో తెలియదు. వచ్చినవారు ఎంతకాలము నిలుతురో తెలియదు. గదులన్నియు నిండి యున్నపుడు వచ్చినవాడు తిరిగి పోవలెను. గదులు ఎక్కువైన సత్రము నడుపువానికి నష్టము. తక్కువైన బాటసారికి కష్టము. ఆనాటి ఇంజనీర్లు తమ అనుభవమును బట్టి ఉజ్జాయింపుగా తీగెలు వేయుచుండిరి. ఊహ సరియైనచో పని సాగెడిది. తప్పినచో ధనమైనను వృథాయగును, జనులకైనను ఇబ్బంది కలుగును.

ఎర్లాంగ్ మొదట పిలుపులు వచ్చు తీరును పరిశీలించెను. ఫలానావాడు ఎప్పుడు టెలిఫోను చేయునో ఎవ్వరును చెప్పజాలరు. కాని, ఒకరితో నొకరికి సంబంధము లేని వేలమంది పిలుపులను కలిపి చూచినచో వానిలో ఒక క్రమము కనబడును. పాయిసాన్ అను ఫ్రెంచి గణితవేత్త 1837లో తెలిపిన సంభావ్యతా నియమము టెలిఫోను పిలుపులకు వర్తించునని ఎర్లాంగ్ 1909లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. నిమిషమునకు సగటున ఒక పిలుపు వచ్చు ఎక్స్ఛేంజిని తలచుకొనుడు. నిమిషమున కొకటి చొప్పున అవి వరుసగా రావు. ఆ నియమము ప్రకారము 100 నిమిషములలో సుమారు 37 నిమిషములందు ఒక్క పిలుపును రాదు. 37 నిమిషములందు ఒక్కొక్కటి వచ్చును. 18 నిమిషములందు రెండేసి, 6 నిమిషములందు మూడేసి వచ్చును. మిగిలిన 2 నిమిషములలో నాలుగు గాని అంతకు మించి గాని వచ్చును. ఏ నిమిషమున ఎన్ని వచ్చునో తెలియకున్నను, మొత్తముమీద ఎన్ని నిమిషములు రద్దీగా నుండునో తెలియుచున్నది. ఇంజనీరునకు కావలసినది ఇదియే.

1917లో ఎర్లాంగ్ తన ముఖ్యమైన వ్యాసమును ప్రకటించెను. ఆపరేటరు సహాయము లేకయే తీగెలను కలుపు స్వయంచాలక ఎక్స్ఛేంజీలు అప్పటికి వాడుకలోనికి వచ్చుచుండెను. తీగెలన్నియు నిండి యున్నపుడు వచ్చిన పిలుపు నిరాకరింపబడు ఏర్పాటులో ఎన్నింట నొకటి నిరాకరింపబడునో తెలుపు సూత్రమొకటి, పిలిచినవారు వరుసలో వేచియుండు ఏర్పాటులో ఎంతమంది ఎంతసేపు వేచియుండవలెనో తెలుపు సూత్రములు కొన్ని ఆ వ్యాసమున నుండెను.

మొదటి సూత్రమును ఒక చిన్న ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. రద్దీగా నుండు గంటలో 20 పిలుపులు వచ్చుననియు, సంభాషణ సగటున 3 నిమిషములు సాగుననియు అనుకొనుడు. మొత్తము 60 నిమిషముల పని. అనగా ఒక తీగెకు గంట అంతయు సరిపడు పని. కావున ఒక్క తీగె చాలునని తోచును. కాని పిలుపులు వరుసదప్పి వచ్చుటచే, ఒక్క తీగెయే యున్నచో 2 పిలుపులలో నొకటి నిరాకరింపబడును. రెండు తీగెలున్నచో 5 పిలుపులలో నొకటి, మూడున్నచో 16లో నొకటి, నాలుగున్నచో 65లో నొకటి, అయిదున్నచో 326లో నొకటి మాత్రమే నిరాకరింపబడును. ఈ సంఖ్యలలో ఒక క్రమము కలదు. రెండవ తీగెకు 2ను 2తో గుణించి 1 కూడిన 5 వచ్చును. మూడవ తీగెకు ఆ 5ను 3తో గుణించి 1 కూడిన 16 వచ్చును. 16ను 4తో గుణించి 1 కూడిన 65; 65ను 5తో గుణించి 1 కూడిన 326. ఆరవ తీగెకు ఎంత వచ్చునో మీరే లెక్కించి చూడుడు.

ఇపుడు ఉమ్మడి వాడకము వలని లాభమును గమనింపుడు. ఒక నగరమున పది పేటలు ఉన్నవనియు, ఒక్కొక్క పేటనుండి పైన చెప్పినంత పనియే వచ్చుననియు అనుకొందము. నూటికి ఒక పిలుపునకు మించి నిరాకరింపరాదని నియమము. ప్రతి పేటకును దాని తీగెలను దానికే విడిగా నుంచినచో, పేటకు అయిదు చొప్పున 50 తీగెలు కావలెను. కాని పది పేటలవారును తీగెలను ఉమ్మడిగా వాడుకొన్నచో 18 తీగెలు చాలును. అపుడు వేయి పిలుపులలో ఇంచుమించు ఏడు మాత్రమే నిరాకరింపబడును. ఒక పేటవారు మాటలాడనపుడు ఆ తీగె మరియొక పేటవారికి ఉపయోగపడును. 32 తీగెల రాగియు, వానిని వేయు శ్రమయు మిగులును. అయితే మితిమీరిన పొదుపు కూడదని కూడ ఆ సూత్రమే హెచ్చరించును. సగటు పనికి సరిగా పదియే తీగెలు వేసినచో, నూటికి 21 పిలుపులు నిరాకరింపబడును.

ఎర్లాంగ్ సూత్రమునకు ఒక కట్టుబాటు కలదు. పిలుపులు ఒకదానితో నొకటి సంబంధము లేక రావలెను. ఏ వరదయో, అగ్నిప్రమాదమో సంభవించి పది పేటలవారును ఒక్కమారే టెలిఫోను ఎత్తినచో ఈ లెక్క నిలువదు. కావున ఉమ్మడి సొత్తును పంచువాడు సామాన్యదినములను మాత్రమే గాక ఆపద దినములను కూడ మనస్సున నుంచుకొనవలెను.

ఎర్లాంగ్ కాగితములమీద లెక్కలు వేయుటతో తృప్తి పడలేదు. ప్రయోగశాలకు అధిపతి యను పేరే గాని, ప్రారంభమున ఆయనకు సహాయకులు లేరు. నేలలోనికి ప్రాకిన విద్యుత్తు భూగర్భములోని టెలిఫోను కేబుళ్లకు కలిగించు బాధను కొలుచుటకు, నిచ్చెన మోయు పనివాని నొకని వెంటబెట్టుకొని, కోపెన్‌హాగన్ వీథులలో మ్యాన్‌హోలు నుండి మ్యాన్‌హోలునకు తిరుగుచు, తానే లోపలికి దిగి కొలతలు తీసికొనెను. టెలిఫోను తీగెలలోని విద్యుత్తును కొలుచుటకు ఒక పరికరమును కూడ రూపొందించెను. లెక్కలు వేయువారికి ఉపకరించు సంఖ్యాపట్టికలను శ్రద్ధతో సిద్ధపరచెను.

ఆయన వ్రాతయు ఆయన మాటవలెనే సంక్షిప్తముగా నుండెడిది. కొన్నిచోట్ల నిరూపణలను విడచి ఫలితములను మాత్రమే తెలుపుటచే, చదువువారికి కష్టముగా నుండెడిది. అయినను ఆ వ్యాసములు ఇంగ్లీషు మొదలగు భాషలలోనికి అనువదింపబడెను. బ్రిటిషు తపాలా శాఖ వారు తమ టెలిఫోను తీగెల సంఖ్యను నిర్ణయించుటకు ఆయన సూత్రమును ఆధారముగా గైకొనిరి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల పరిశోధకుడొకడు ఎర్లాంగ్ వ్యాసములను మూలమున చదువుటకై డేనిష్ భాషను నేర్చుకొనెనని చెప్పుదురు.

ఎర్లాంగ్ వివాహము చేసికొనలేదు. పనియు, పుస్తకములును ఆయన జీవితము. గణిత, ఖగోళ, భౌతిక శాస్త్ర గ్రంథములను విశేషముగా సేకరించెను. లోకమునకు దూరముగా నున్నట్లు కనబడినను, బీదలయెడ ఆయన హృదయము మిక్కిలి మెత్తన. అక్కరలో నున్నవారు తరచుగా ఆయనను వెదకికొనుచు ప్రయోగశాలకే వచ్చెడివారు. ఆయన ఇతరులకు తెలియనీయక వారికి తోచిన సహాయము చేసి పంపెడివాడు. కంపెనీలో చేరినది మొదలు ఇంచుమించు ఇరువది సంవత్సరములు అనారోగ్యకారణమున ఒక్కదినమైనను పని మానినవాడు కాడు. 1929 జనవరిలో కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరవలసి వచ్చెను. శస్త్రచికిత్స జరిగినను ఫలితము లేకపోయెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన ఎర్లాంగ్ కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు మాత్రమే.

ఆయన మరణించిన పిదప కీర్తి మరింత పెరిగెను. 1946లో అంతర్జాతీయ టెలిఫోను సలహాసంఘము వారు టెలిఫోను పనిని కొలుచు ప్రమాణమునకు ఎర్లాంగ్ అను పేరు పెట్టిరి. ఒక తీగె గంట అంతయు ఎడతెగక పనిలో నున్నచో, ఆ గంటలో అది మోసిన పని ఒక ఎర్లాంగ్. పైన మనము ఒక్కొక్క పేటకు చెప్పుకొన్న పనియు ఒక ఎర్లాంగే. 1948లో ఆయన జీవితమును, వ్యాసములను కూర్చి కోపెన్‌హాగనులో ఒక గ్రంథము వెలువరించిరి.

టెలిఫోను తీగెలతో ఆ గణితము ఆగిపోలేదు. 1960-70 మధ్య కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు పని ఆరంభమైనపుడు, ఎర్లాంగ్ వేసిన పునాదిపై పెరిగిన వరుసల సిద్ధాంతమే శాస్త్రజ్ఞులకు దారి చూపెను. నేడు ఒకే సంస్థకు చెందిన కేబుళ్లపైనను, కంప్యూటర్లపైనను అనేక వర్చువల్ నెట్‌వర్కులు నడచుచున్నవి. వర్చువల్ నెట్‌వర్కు అనగా, వేరుగా తీగెలు గాని యంత్రములు గాని లేకున్నను, ప్రత్యేకముగా ఉన్నట్లే పనిచేయు నెట్‌వర్కు. ఒక బ్యాంకు, ఒక ఆసుపత్రి, ఒక విశ్వవిద్యాలయము ఒకే కేబులును వాడుకొనుచుండవచ్చును. అయినను ఒకరి సమాచారము మరొకరికి కనబడదు. ఎవరికి వారికి తమ నెట్‌వర్కు తమదే యని తోచును.

ఇట్టి నెట్‌వర్కు కావలెనని కోరువారు, తమకు ఇంత కంప్యూటరు శక్తియు, ఇంత జ్ఞాపకస్థలమును, యంత్రముల నడుమ ఇంత వేగముగల మార్గములును కావలెనని అడుగుదురు. పంచువాడు తనవద్ద నున్న యంత్రములలో ఖాళీని వెదకి, ఆ యంత్రములను కలుపు కేబుళ్లలో కూడ చోటున్నదో లేదో చూచి, రెండును సమకూరినపుడు మాత్రమే ఆ కోరికను అంగీకరింపవలెను. యంత్రమున చోటుండి మార్గమున లేకపోవచ్చును. మార్గముండి యంత్రము నిండియుండవచ్చును. ఎర్లాంగ్ కాలమున తీగెలన్నియు ఒక్క తీరువి. ఏది ఖాళీయైన అది ఇచ్చిన చాలును. ఇచ్చట మార్గములు అనేకము. యంత్రముల సంఖ్య పెరిగినకొలది పంచు విధములు లెక్కకు మించిపోవును. వానిలో అన్నింటికంటె మేలైనదానిని త్వరగా కనుగొను పద్ధతి ఇంతవరకు తెలియలేదు. కావున శాస్త్రజ్ఞులు సంతృప్తికరమైన పంపకమును వేగముగా కనుగొను ఉపాయములను రచించుచున్నారు. ఆ ఉపాయము మంచిదో కాదో తేల్చుటకు వారు చూచు మొదటి కొలతలలో ఎర్లాంగ్ చూచిన కొలతయే యున్నది. అది, నూరు కోరికలలో ఎన్ని నిరాకరింపబడినవి యనునది.

ఎవరికి వారికి విడిగా ఉంచుట భద్రమే. కాని అందు వృథా యెక్కువ. అంతయు ఉమ్మడిగా నుంచుట పొదుపే. కాని ఒకరు మితిమీరి వాడినచో ఇరుగుపొరుగువారు నష్టపోవుదురు. అందుచే ఆసుపత్రివంటి వానికి కొంతభాగము తప్పక దక్కునట్లు కేటాయించి, మిగిలినదానిని అందరికి ఉమ్మడిగా నుంచుట నేడు అనుసరించు పద్ధతులలో నొకటి. ఏ భాగము ఎంత యని నిర్ణయించుటకు నేటికిని సంభావ్యతాగణితమే శరణ్యము.

ఎర్లాంగ్ రాజ్యములు ఏలలేదు, యుద్ధములు గెలువలేదు, గొప్ప ఉపన్యాసములు చేయలేదు. ఆయన చేసినది ఒక లెక్క. కాని అంతకుముందు తీగె దొరకక వెనుకకు మరలినవానిని గూర్చి లెక్క పెట్టినవారు అరుదు. అతని యిబ్బంది అతనితోనే పోయెడిది. ఎర్లాంగ్ ఆ తిరిగిపోయినవానిని లెక్కలోనికి తెచ్చెను. నూటికి ఒకరిని నిరాకరించుచున్నాము అని తెలిసిన పిదప, ఆ యొక్కనికొరకు మరియొక తీగె వేయవలెనా వద్దా అని పంచువాడు ఆలోచింపక తప్పదు. చెరువు నీరైనను, సత్రపు గదియైనను, కంప్యూటరు మార్గమైనను, పదిమందికి ఉమ్మడియైన వస్తువును పంచునపుడు ఎంత యున్నదో చూచినంత మాత్రమున చాలదు. దొరకనివారు ఎందరో కూడ చూడవలెను. లొన్‌బోర్గ్ బడిపంతులు కుమారుడు తన మితమైన మాటలతో లోకమునకు నేర్పిన పాఠమిది.